అటక మీద బూజు పట్టిన గ్రామఫోన్ రికార్డులు: ఎలా కడగాలి?

ప్రశ్న (అమలాపురం దగ్గర పల్లె నుంచి)
నమస్కారమండి. మా తాతగారి పెంకుటింటి అటక మీద ముప్పై దాకా రికార్డులు దొరికాయి. వానాకాలం తేమకి తెల్లగా బూజు పట్టేశాయి. ఆయన ఇష్టంగా విన్న హరికథలు కూడా వాటిలో ఉన్నాయి. బోరు నీళ్లు, సర్ఫ్‌తో కడగొచ్చా? స్పిరిట్‌తో తుడవమని ఒకరన్నారు. పాడైపోతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు (నరసాపురం)
స్పిరిట్ మాత్రం ఇప్పుడే ముట్టుకోకండి. ముందు లేబుల్ చూడండి. 78 వేగం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) ప్లేట్లు దాదాపు అన్నీ లక్కతో చేసినవే. బరువుగా ఉంటాయి, జారితే పెంకులా పగులుతాయి. 33⅓ వేగం ఎల్పీలు (ఎక్కువసేపు పాడే రికార్డులు) వినైల్ అనే ప్లాస్టిక్‌వి, కాస్త వంగుతాయి. వడ్రంగులు లక్కని స్పిరిట్‌లో కరిగించే కదండీ పాలిష్ వేస్తారు! మా నాన్నగారి ప్లేటు ఒకటి నేనలాగే తుడిచాను. గుడ్డకి నల్లగా అంటుతుంటే మురికి వదులుతోందనుకుని ఇంకా రుద్దాను. ఆ పాట మళ్లీ పలకలేదు.

బోరు నీళ్లూ వద్దు. మన సముద్రం వైపు చాలా ఊళ్లలో అవి ఉప్పన. ఆరాక ఆ ఉప్పు గాళ్లలోనే (ముల్లు నడిచే సన్నటి చాళ్లలో) ఉండిపోయి చిటపటమంటుంది. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ కొనండి, పొరపాటున యాసిడ్ సీసా తేకండి. సర్ఫ్ బదులు అరలీటరు నీళ్లకి గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు చాలు.

ముందు ముక్కుకి మాస్కు కట్టుకుని, ఆరుబయట మెత్తటి బ్రష్‌తో పొడి బూజు దులపండి. తర్వాత మైక్రోఫైబర్ గుడ్డ తడిపి, గాళ్ల వెంబడే గుండ్రంగా తుడవండి. అడ్డంగా రుద్దితే గీతలు పడతాయి. కాగితం లేబుల్ తడవకూడదు. ఆపైన ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు తుడిచి, గిన్నెల స్టాండులో నిలబెట్టి నీడన ఆరనివ్వండి. ఎండలో పెడితే వంకర తిరుగుతాయి. లక్క ప్లేట్లని నానబెట్టొద్దు, తుడిచిన వెంటనే పొడిగుడ్డతో అద్దేయండి.

ఎల్పీ మీద బూజు మొండికేస్తే, అప్పుడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక వంతు, డిస్టిల్డ్ వాటర్ నాలుగు వంతులు కలిపి వాడొచ్చు. శానిటైజర్ వద్దు, అందులో గ్లిజరిన్, సెంటు కలుపుతారు.

మరో జవాబు (భీమవరం)
కడిగినవాటిని మళ్లీ పాత కవర్లలో పెట్టకండి, బూజు వాటిలోనే ఉంటుంది. లోపలి కవర్లు కొత్తవి వేయండి. గోడకి ఆనించకుండా, పుస్తకాల్లా నిలువుగా సర్దండి.

ప్రశ్న అడిగినవారు
చాలా థాంక్సండి. విడదీస్తే పదకొండు లక్కవి తేలాయి, హరికథలన్నీ అవే. కడిగి ఎల్పీ ప్లేయర్ మీద పెట్టొచ్చా?

జవాబు (నరసాపురం)
ప్లేయర్‌కి 78 వేగం ఉన్నా సరే, ఎల్పీ ముల్లుతో వద్దండి. లక్క ప్లేటు గాడి దాదాపు మూడింతలు వెడల్పు. ఈ సన్నటి ముల్లు అడుగుకి దిగిపోయి, అక్కడున్న దుమ్మునే వినిపిస్తుంది. మీ కార్ట్‌రిడ్జ్‌కి (ముల్లు బిగించే భాగానికి) సరిపోయే 78 ముల్లు విడిగా అమ్ముతారు. అది వచ్చేదాకా హరికథలని ఆపండి, ఈలోపు ఎల్పీలు వినండి.