అప్‌డేట్: మొదటి క్రాస్ కంట్రీ ఉరికొచ్చిన

పోయిన నెల అడిగిన కదా, ఎప్పుడూ రోడ్డు మీదనే ఉరికేటోన్ని, 10 కిలోమీటర్ల క్రాస్ కంట్రీకి (రోడ్డు గాక చేన్లల్ల, మట్టి మీద ఉరికే పోటీ) ఎట్ల తయారు కావాలె, రోడ్డు బూట్లు సరిపోతయా అని. ఆదివారం ఉరికొచ్చినం, క్లబ్బోళ్లం ఆరుగురం.

రోడ్డు బూట్లు వద్దన్నోళ్లదే నిజం. మూడు వారాలు పొద్దుగాల ఖిల్లా వరంగల్ మట్టికోట కట్ట ఎక్కుడు దిగుడు చేసినం, అక్కడనే నా పాత బూట్లు జారినయ్. అడుగున లోతు గాళ్లున్న ట్రెయిల్ బూట్లు, అంటే మట్టి బాటల మీద ఉరికేటియి, కొన్న. పోటీ నాడు మంచుకు తడిసిన నల్లరేగడి వాటికీ అంటింది గని, కాలు మాత్రం జారలే. వరి కోసిన మడిల కొయ్యకాళ్ల మీద, గట్ల మీద వేగం కోసం వాచీ చూసుడు దండుగ. ఊపిరిని బట్టే ఉరకాలె అని చెప్పినోళ్లకు దండం.

సలికి, ఉరుకుడు మొదలయ్యే లైన్ కాడికి పోయేదాక స్వెట్టర్ విప్పలే, అదీ పనికొచ్చింది.

అన్నిటికన్నా టీం లెక్క నాకు కొత్త. ఒక్కో క్లబ్బుల ముందొచ్చిన నలుగురి స్థానాలు కలుపుతరు, ఎంత తక్కువొస్తే అంత మేలు. మావోళ్లల్ల నేను నాలుగోవాణ్ని, అంటే నా స్థానం లెక్కలకొస్తది! ఆఖరి మలుపు కాడ మా పెద్దన్న, తను అప్పటికే ఉరికి అయిపోగొట్టి, వెనక్కొచ్చి నిలబడి "తమ్మీ, ఇంకొక్కన్ని పట్టు" అని ఒర్రిండు. ఇద్దర్ని దాటిన. ఒక్కన్నే ఉరికితే ఆ ఇద్దర్ని ఇడిసిపెట్టేటోన్ని, నాకు తెలుసు.

మూడో స్థానం వచ్చింది మా టీంకు. బూట్లల్ల పాత పేపర్లు కుక్కి నీడకు ఆరబెట్టిన, రేపు మళ్ల కట్ట మీదికే.