ఎన్నికల షెడ్యూలు వచ్చాక సర్వేలు ఆపేయాలా?

గాజువాక ఓటరు:
ఆపేయాల్సిందే. పోలింగ్ ముగిసే ముందు 48 గంటలు టీవీల్లో ఒపీనియన్ పోల్ వేయకూడదని ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ చెబుతోంది. ఆలోపే జరగాల్సిన నష్టం జరిగిపోతుంది. ఓడిపోయే పార్టీ అని ముద్ర పడితే చందాలు ఆగిపోతాయి, కార్యకర్తలు జారిపోతారు.

ఎంవీపీ కాలనీ:
పార్టీలు సొంతంగా చేయించుకునేవి ఆగవు కదండీ. వాళ్లకు తెలుస్తుంది, మనకే తెలియదు. నిషేధం కన్నా లెక్క బయటపెట్టించడం మేలు. విశాఖ లోక్‌సభ పరిధిలో 7 అసెంబ్లీ సెగ్మెంట్లు. మొత్తం 400 మందిని అడిగితే, ఎంపిక ఎంత పద్ధతిగా చేసినా, 5 శాతం అటూ ఇటూ తేడా రావచ్చు. ఆ 400నే విడగొట్టి భీమిలిలో ఫలానా పార్టీ అంటే, అక్కడ అడిగింది 57 మందినే. తేడా 13 శాతానికి పెరుగుతుంది. 45 అన్నది 32 కావచ్చు, 58 కావచ్చు!

పూర్ణా మార్కెట్:
ఎంతమందిని అన్నదానికంటే ఎవర్ని అన్నది ముఖ్యం. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికపై లిటరరీ డైజెస్ట్ పత్రిక చేసిన సర్వేకు 20 లక్షలకు పైగా జవాబులొచ్చాయి. ఆల్ఫ్ లాండన్ అనే అభ్యర్థి గెలుస్తాడంది, రూజ్‌వెల్ట్ గెలిచాడు. మన దగ్గర మత్స్యకారులుండే పెదజాలారిపేటలో పగటిపూట తలుపు తడితే చేపల వేటకెళ్లినవాళ్లు దొరకరు. స్టీల్‌ప్లాంట్ వాళ్లు షిఫ్టులో ఉంటారు. అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ గేటు దాటనివ్వడు. దాంతో సర్వే కుర్రాళ్లు టీ కొట్టు దగ్గరే కోటా నింపేస్తారు.
చేయాల్సింది ఇది: బూత్ ఓటర్ల జాబితాలో 1,200 పేర్లుండి 20 మంది కావాలంటే, మొదటి 60లో ఒక పేరు చీటీ తీసి, అక్కణ్నుంచి ప్రతి 60వ పేరు. ఆ మనిషి లేకపోతే పక్కింటివాళ్లను అడక్కుండా సాయంత్రం మళ్లీ వెళ్లాలి. పార్టీ పేరు నోటితో చెప్పించకూడదు, గుర్తులున్న నమూనా బ్యాలెట్ ఇచ్చి పెట్టెలో వేయించాలి. పక్కన పార్టీ కార్యకర్త నిలబడితే ఏ ఓటరు నిజం చెబుతాడు?

గాజువాక ఓటరు:
ఇదంతా చేసినా టీవీలో చూపేది సీట్లే. 2024లో రాష్ట్రంలో వైసీపీకి 39 శాతం ఓట్లొచ్చాయి, 175లో సీట్లు 11. ఓట్లలో రెండు మూడు శాతం తప్పితే సీట్ల లెక్క తలకిందులవుతుంది.

ఎంవీపీ కాలనీ:
ఒప్పుకుంటాను. అందుకే ఓట్ల శాతం విడిగా, సీట్ల అంచనా విడిగా వేయమనాలి. డబ్బు ఎవరిచ్చారు, ఏ తేదీల్లో అడిగారు, ప్రశ్న యథాతథంగా ఏమిటన్నవి తెరమీదే ఉండాలి. 'చెప్పను' అన్నవాళ్లను ఏం చేశారో కూడా. 100లో 20 మంది చెప్పకపోతే వాళ్లను తీసేసి లెక్కకడతారు. అప్పుడు 36 మంది మద్దతు కాస్తా 45 శాతమై కూర్చుంటుంది.