ఉత్తరాలకు డ్యూయీ నంబర్ ఏది ఇవ్వాలి? కోహాలో రికార్డు సేవ్ అవ్వడం లేదు

చీటీపిట్ట: పొద్దున్నుంచి కోహా (మా లైబ్రరీ క్యాటలాగ్ సాఫ్ట్‌వేర్) ముందే కూర్చున్నాను, తల వేడెక్కిపోయింది. లైబ్రరీ సైన్స్ పీజీ ప్రాజెక్టు, ఉత్తరాలు క్యాటలాగ్ చేయాలి. ఒక్కో ఉత్తరానికి ఒక్కో రికార్డు పెడుతున్నాను. డ్యూయీ నంబర్ (విషయాన్ని బట్టి పుస్తకానికిచ్చే వర్గీకరణ నంబర్) వేసే 082 గడి ఖాళీగా వదిలితే సేవ్ అవ్వదు. నంబర్ ఏదో ఒకటి వేసి చూపిస్తే సూపర్‌వైజర్ "ఇది కాదు" అంటారు, ఏది కావాలో మాత్రం చెప్పరు. సరైన డ్యూయీ నంబర్ ఎవరైనా చెప్పండి ప్లీజ్. సబ్మిషన్ దగ్గరికొచ్చేసింది, టెన్షన్‌గా ఉంది.

దశాంశం: ఉత్తరాలు అనగానే అందరూ 6 తగిలించేస్తారు. డ్యూయీ మూడో పట్టికలో 6 అంటే సాహిత్యంగా లెక్కకొచ్చే లేఖలు. ఇంగ్లిష్ లేఖా సాహిత్యానికి 826 వచ్చింది అందుకే. ఒక డాక్టరో ఇంజినీరో తన పనుల గురించి రాసుకున్న ఉత్తరాలు అక్కడికి పోవు. ఆ రంగం నంబర్‌కి 092 చేర్చి జీవిత చరిత్రల వైపు పంపాలి. 1876లో 44 పేజీలతో మొదలైన డ్యూయీ పుస్తకం 23వ ఎడిషన్‌కు నాలుగు సంపుటాలైంది. అంత పెరిగింది ఊరికే కాదు. పట్టికలు తిరగేయకుండా నెట్‌లో నంబర్ వెతుక్కునే అలవాటొచ్చాక క్లాసిఫికేషన్ పేపర్‌కి విలువే లేకుండా పోయింది.

పాతఫైలు: అచ్చయినవా, చేతిరాతవా?

చీటీపిట్ట: చేతిరాతేనండీ, ఉత్తరాలంటే ఇంకేముంటాయి? ఒక లాయరు గారు పోయాక వాళ్లింట్లో వాళ్లు మా లైబ్రరీకి మూడు పెట్టెలు ఇచ్చారు. డైరీలు, కేసు కాగితాలు, ఫొటోలు, కరెంటు బిల్లులు కూడా ఉన్నాయి. ముందు ఉత్తరాలు పూర్తి చేద్దామని.

పాతఫైలు: ఇది ముందే చెప్పాల్సింది. ఇది ఆర్కైవ్స్ పని, అంటే ఒకరి దగ్గర పోగుపడిన అసలు కాగితాలు భద్రపరిచే పని. డ్యూయీ వద్దు. కట్టలు విప్పారా?

చీటీపిట్ట: ఒక పెట్టె అయిపోయింది. కట్టలన్నీ విప్పి తేదీల వారీగా సర్దాను. ఇప్పుడు చాలా నీట్‌గా ఉంది.

పాతఫైలు: ఆపండి. మిగతా రెండు ముట్టుకోకండి.

గుండుసూది: సర్దడం తర్వాత సంగతి, అసలు పిన్నులు తీశారా? ఇనుప పిన్ను తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తుంది. రబ్బరు బ్యాండ్లు కరిగి అతుక్కుపోతాయి. చిరిగిన చోట సెలోటేప్ మాత్రం వేయకండి, దాని జిగురు పసుపు మరకై ఇక పోదు. యాసిడ్ లేని ఫోల్డర్లే వాడాలి. ఫొటోలు విడిగా పెట్టాలి, చేతికి గ్లవ్స్ వేసుకుని పట్టుకోవాలి.

దొంతర: ఇప్పుడు పిన్నుల గొడవెందుకండీ. ప్రతి పిన్నూ పీకుతూ కూర్చుంటే పెట్టెలు ఏళ్ల తరబడి ఎవరికీ అందకుండా పడుంటాయని 2005లో గ్రీన్, మైస్నర్ అనే అమెరికన్ ఆర్కైవిస్టులు రాశారు. దాని మీద ఆర్కైవిస్టులు వాదించుకుంటూనే ఉన్నారు.

చీటీపిట్ట గారూ, మీ సూపర్‌వైజర్ "ఇది కాదు" అన్నది నంబర్ గురించి కాదనుకుంటా, పద్ధతి గురించి. పుస్తకం దానంతట అది నిలబడుతుంది. ఆఫీసు కాగితం అలా కాదు, పక్కన ఏ కాగితం ఉందన్నదే దాని అర్థంలో సగం. ఆ లాయరు గారు ఒక కేసు నోటీసు, దాని జవాబు, ఫీజు రసీదు, క్లయింటు తిట్టిన ఉత్తరం ఒకే కట్టగా కట్టి ఉంటే, ఆ కేసు ఎలా నడిచిందో కట్టే చెబుతుంది. తేదీల వారీగా పేరిస్తే ఆ ఉత్తరం ఎవరిదో పెళ్లి శుభలేఖ పక్కన చేరుతుంది. ఒకరి కాగితాలు ఇంకొకరి వాటితో కలపకూడదన్న నియమం ఫ్రాన్స్‌లో 1841లోనే పెట్టారు. వచ్చిన వరుస చెదరగొట్టవద్దన్నది 1898 నాటి డచ్ ఆర్కైవ్స్ మాన్యువల్‌లో ఉంది. కట్టల మీద చీటీలు ఉండేవా? పారేశారా?

చీటీపిట్ట: ఉన్నాయి, ఒక కవర్లో వేశాను.

దొంతర: హమ్మయ్య. ఏ కట్టలో ఏముండేదో గుర్తున్నంత వరకు ఇవాళే రాసి పెట్టండి. ఆ పెట్టె వరుస మార్చిన సంగతి వివరణలోనే చెప్పండి, దాచొద్దు.

ఇక రికార్డు. ఒక్కో ఉత్తరానికి వద్దు, మొత్తానికి ఒక్కటి చాలు. కోహాలో కొత్త మార్క్ ఫ్రేమ్‌వర్క్ (రికార్డులో ఏ గడులుండాలో చెప్పే నమూనా) తయారుచేసుకుని అందులో 082కి 'తప్పనిసరి' టిక్ తీసేయండి, సేవ్ అవుతుంది. ఆ టిక్ మీ లైబ్రరీ వాళ్లు పెట్టుకున్నదే. రికార్డు మొదట్లో ఉండే లీడర్‌లో 06 దగ్గర పి (రకరకాల సామగ్రి కలిసినది), 08 దగ్గర ఎ (ఆర్కైవ్స్ పద్ధతి). 245లో పేరు, 300లో ఎన్ని పెట్టెలు, 351లో ఎలా సర్దారు, 520లో ఏముంది, 561లో ఎవరి చేతుల మీదుగా వచ్చింది. దాని కింద కేసులు, ఇంటి ఉత్తరాలు, డైరీలు అని సిరీస్‌లు, వాటి కింద ఫైళ్లు, ఒక విడి లిస్టుగా. ఆర్కైవ్స్ వివరణకు అంతర్జాతీయ ప్రమాణమైన ఇసాడ్-జిలో 26 అంశాలున్నా తప్పనిసరివి ఆరే: రిఫరెన్స్ కోడ్, పేరు, కర్త, తేదీలు, పరిమాణం, వివరణ స్థాయి (మొత్తమా, సిరీసా, ఫైలా).

దశాంశం: అయినా కలెక్షన్‌కి ఒక క్లాస్ నంబర్ ఇస్తే పోయేదేముంది?

పాతఫైలు: కలెక్షన్ కాదు, ఫాండ్స్.

దశాంశం: పేరులో ఏముందండీ.

పాతఫైలు: ఉంది. స్టాంపులు ఏరి కూర్చితే కలెక్షన్. పని చేస్తుంటే పోగుపడినది ఫాండ్స్.

దశాంశం: అమెరికన్లు రెండింటినీ కలెక్షన్ అనేస్తారు. వాళ్లను కూడా దిద్దండి.

గుండుసూది: ఇద్దరూ ఆగండి. తప్పు ఈ పాపది కాదు, కోర్సుది. లైబ్రరీ పీజీలో ఆర్కైవ్స్ అంటే చాలాచోట్ల ఒక ఎలెక్టివ్, అంతే. సెమిస్టర్ అంతా పుస్తకాలు నేర్పి ప్రాజెక్టుకి పెట్టెలిస్తే ఏం చేస్తారు?

దొంతర: కోర్సు ఎంచుకునేటప్పుడే చూసుకోవాలి. అమెరికాలో ఏఎల్ఏ (అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్) గుర్తింపు లైబ్రరీ మాస్టర్స్‌కి ఇస్తుంది. అక్కడి ఆర్కైవిస్టుల సొసైటీ మార్గదర్శకాలు రాసిందే గానీ కోర్సులకు గుర్తింపు ఇవ్వదు. బ్రిటన్, ఐర్లాండ్‌లలో ఆర్కైవ్స్ కోర్సులకు ఏఆర్ఏ (ఆర్కైవ్స్ అండ్ రికార్డ్స్ అసోసియేషన్) విడిగా ఇస్తుంది. గుర్తింపు ఉన్నంత మాత్రాన సరిపోదు. అరేంజ్‌మెంట్ అండ్ డిస్క్రిప్షన్ పేపర్ ఉందా, రికార్డ్స్ మేనేజ్‌మెంట్ ఉందా, ప్రాక్టికమ్‌లో (పని చేస్తూ నేర్చుకునే శిక్షణలో) పక్కన అసలు ఆర్కైవిస్టు నిలబడతారా అని అడగండి. మూడోది లేకపోతే మొదటి రెండూ పరీక్షకే పనికొస్తాయి. చరిత్ర, లైబ్రరీ రెండు మాస్టర్స్ కలిపి చేసేవాళ్లూ ఉన్నారు. మీకు ఈ పనే కావాలనుకుంటున్నారా, లేక ప్రాజెక్టు గట్టెక్కితే చాలా?

చీటీపిట్ట: టిక్ తీసేశాను, సేవ్ అయింది!! థాంక్స్ అండీ అందరికీ 🙏

పాతఫైలు: విప్పిన పెట్టె సంగతి?

గుండుసూది: పిన్నులు కూడా చెప్పలేదు.

దశాంశం: ఫొటోలకి గ్లవ్స్ సరే, కాగితాలకి గ్లవ్స్ వద్దంటున్నారు కదా ఈమధ్య? కడిగి ఆరిన చేతులే మేలని.

గుండుసూది: అది ఇంకో చర్చ. విడిగా పోస్ట్ పెట్టండి.