కరి మింగిన వెలగపండు: ఆ ‘కరి’ ఏనుగేనా?

కొబ్బరితోట (అమలాపురం): డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. మా స్టూడెంటు ఒకమ్మాయి ప్రాజెక్టులో ఒక బ్యాంకుకి కరెంట్ రేషియో (ఏడాదిలోపు నగదయ్యే ఆస్తుల్ని ఏడాదిలోపు తీర్చాల్సిన బాకీలతో భాగిస్తే వచ్చేది) కట్టి, ఒకటి కూడా రాలేదు కాబట్టి మునగబోతోందని రాసేసింది. డిపాజిట్లన్నీ అడగ్గానే ఇవ్వాల్సిన బాకీల్లో వేసి, 20 ఏళ్ల ఇంటి లోన్లు పక్కన పెడితే ఏ బ్యాంకుకైనా అంతే వస్తుంది. పై అంకె లోపలి సంగతి చెప్పదని, సిరి వచ్చేటప్పుడు కొబ్బరికాయలో నీళ్లలా వస్తుంది, పోయేటప్పుడు కరి మింగిన వెలగపండులా పోతుంది అనే సుమతి పద్యంతో చెబుదామనుకుంటే చివరి పాదం దగ్గర ఆగిపోయాను. ‘గజము మింగిన’ అనా, ‘కరి మింగిన’ అనా? కరి అంటే ఇక్కడ పురుగని మా నాన్నగారనేవారు.

కందపద్యం: ‘సిరి దా’ అని ఎత్తుకున్నాక గజము ఎలా వస్తుందండీ, ప్రతి పాదంలో రెండో అక్షరం కలవాలనే ప్రాస పోదూ? కరే. అసలు పేచీ రెండో పాదంలో ఉంది. ‘సలలితముగ నారికేళ సలిలము భంగిన్’. రి, రి, రి మధ్యలో ల ఏమిటి?

పాలవెల్లి (రాజోలు): మీ నాన్నగారి మాటే నిజం. చవితికి పాలవెల్లికి కట్టిన వెలక్కాయ పగలగొట్టి చూడండి, ఒక్కోసారి పెంకు నిక్షేపంలా ఉంటుంది, సూదిమొనంత బెజ్జం, లోపల గుజ్జు బదులు నల్లటి పొడి. అంత పెంకుని ఏనుగు నమలకుండా మింగుతుందా?

కందపద్యం: సంస్కృత శ్లోకంలో ‘గజభుక్త కపిత్థవత్’ (గజం తిన్న వెలగపండులా) అని ఉంది, అక్కడా ముందు కొబ్బరినీళ్లే. గజం కూడా పురుగేనంటారా?

పాలవెల్లి: ఆయ్, అంటాను. అలా అర్థం చెప్పే పండితులున్నారు.

లెడ్జరు (రిటైర్డ్, కాకినాడ): మాస్టారూ, ఆ అమ్మాయికి ముందు ఇది చెప్పండి. కరెంట్ రేషియో 2 ఉండాలని పుస్తకాలు, 1.33 ఉంటే చాలని మేము బ్యాంకుల్లో చూసేది వర్కింగ్ క్యాపిటల్ అడిగే మిల్లులకి, వ్యాపారాలకి. బ్యాంకు బ్యాలెన్స్ షీట్ ఫారంలో కరెంట్, నాన్ కరెంట్ అనే విభజనే లేదు, ఆమె దేన్ని దేనితో భాగించిందో నాకైతే అర్థం కాలేదు. బ్యాంకుకి చూడాల్సింది లిక్విడిటీ కవరేజ్ రేషియో: గడ్డు పరిస్థితి వస్తే 30 రోజుల్లో నికరంగా బయటికి పోయే డబ్బుకి సరిపడా, వెంటనే నగదయ్యే మేలైన ఆస్తులు ఉన్నాయా అని, అది 100 శాతానికి తగ్గకూడదు. అదొక్కటే చూసినా చాలదు. 2023 మార్చిలో అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకుని ఒక్కరోజులో 42 బిలియన్ డాలర్లు వెనక్కి అడిగారు. దాని దగ్గర ఎక్కువగా ఉన్నవి ప్రభుత్వ హామీ ఉన్న బాండ్లే, కానీ వడ్డీరేట్లు పెరిగి వాటి ధర పడిపోయింది. పెంకు బాగానే ఉంది, గుజ్జు లేదు. ఏనుగైనా పురుగైనా నాకు ఒకటే.

దాక్షారామం: గడువుకి చేతిలో డబ్బాడకపోవడం అంటే మా శ్రీనాథుడి చాటువు చెప్పాలి గానీ వెలగపండెందుకు? ‘ఎట్లు చెల్లింతు టంకంబులేడు నూర్లు!’ కనకాభిషేకం చేయించుకున్న మనిషి, పంట పోయి శిస్తు కట్టలేక అన్న మాట. చదివినప్పుడల్లా గొంతు పట్టేస్తుంది.

కందపద్యం: మీ శ్రీనాథుడా? పంట కొట్టుకుపోయింది కృష్ణలో, బొడ్డుపల్లెలో.

దాక్షారామం: భీమేశ్వర పురాణం ఎవరి దేవుడి మీద రాశాడండీ మరి? పైగా అదే చాటువులో ఉన్న ‘గొడ్డేఱి మోసపోతి’లో ఆ గొడ్డేఱికి మీ అర్థం ఏమిటో ముందు చెప్పండి, తర్వాత నదుల సంగతి చూద్దాం.

కొబ్బరితోట: లెడ్జరు గారూ, మీ సమాధానం రేపు క్లాసులో బోర్డు మీద రాస్తాను. కరి సంగతి?

కందపద్యం: దానికంటే ముందు ఆ ల తేలాలి. రలలకు అభేదం (ర, ల ఒకటే అనుకోవచ్చు) అని ఊరుకోవడం నాకిష్టం లేదు. సుమతిలోనే ర, ల కలిపి ప్రాస వేసిన ఇంకో కందం ఎవరైనా చూపించండి, అప్పుడు ఒప్పుకుంటాను.