పాత టిల్లర్‌ను ఉంచుకోవాలా, తూకానికి వేసేయాలా?

చంద్రగిరి తోట
మా నాన్నగారు కొన్న పెట్రోలు టిల్లర్, తిరిగే కత్తులతో నేల గుల్లచేసేది, షెడ్డులో పడి ఉంది. హోండా జీఎక్స్160 ఇంజను, కింద ఇనుప గేర్‌బాక్సు. పాత సామాన్ల వ్యాపారి తూకం లెక్కన కొంటానంటున్నాడు. ఇంట్లోవాళ్లు స్థలం కలిసివస్తుంది, ఇచ్చేయమంటున్నారు. మాకు ఉన్నది అరెకరం కూరగాయల తోట, గట్టు పొడవునా మామిడి చెట్లు. ఆన్‌లైన్‌లో ఇరవై వేల లోపే కొత్త చిన్న వీడర్లు (కలుపు తీసే యంత్రాలు) కనిపిస్తున్నాయి. ఈ పాతదానికి ఇంకా విలువ ఉందంటారా?

ఎర్రనేల
ఇచ్చేయండి. అరెకరానికి సొంత యంత్రం ఎందుకండీ? ఏడాదిలో దానికి పని ఉండేది వేళ్ల మీద లెక్కపెట్టే రోజులు. మిగతా కాలమంతా ఎలుకల నుంచి కాపాడుకోవాలి. కావలసినప్పుడు గంట లెక్కన బాడుగకు పిలిపించుకోండి.

పాకాల షెడ్డు
అమ్మితే అమ్మండి గానీ తూకానికి మాత్రం వేయకండి, చేతులు జోడించి చెబుతున్నాను. అది 163 సీసీ, నాలుగు స్ట్రోకుల ఇంజను. దాన్ని చూసి చైనా కంపెనీలు లెక్కలేనన్ని ఇంజన్లు చేశాయి కాబట్టి కార్బురేటర్, రింగులు, తాడు స్టార్టర్ ఈరోజుకీ సులువుగా దొరుకుతాయి. మీరు చూసిన చవక వీడర్లలో చాలావరకు రెండు స్ట్రోకులవి. పెట్రోల్లో ఆయిల్ కలపాలి, పైగా బరువు తక్కువ. మన వైపు నేల కాస్త ఆరితే చాలు, వాటి కత్తులు దిగకుండా పైపైన గెంతుతాయి. పాతదానికి దాని బరువే బలం.

ముందు మీరే చూసుకోండి. తాడు మెల్లగా లాగితే ఒకచోట బిగపట్టినట్టు ఆగాలి, అప్పుడు కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి అదిమే పట్టు, ఉన్నట్టు. కత్తుల షాఫ్టును రెండు చేతులా పట్టుకుని పైకీ కిందికీ కదపండి. లొడలొడలాడితే బేరింగు పోయింది. గేర్‌బాక్సు ఆయిల్ కొంచెం దించి చూడండి. నల్లగా ఉంటే భయం లేదు. పాలు ఎక్కువైన టీ రంగులో ఉంటే సీలు పోయి నీళ్లు దిగాయి. అదీ పెద్ద ఖర్చు కాదు. వేళ్ల మధ్య రుద్దినప్పుడు ఇనుప రజను తగిలితే మాత్రం గేరు పళ్లు అరిగాయి, అప్పుడు ఆలోచించాల్సిందే.

ఇంకొక మాట. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం వరకు ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది తేమ లాక్కుంటుంది, పాత రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది. పని అయ్యాక ట్యాంకు ట్యాపు కట్టేసి, ఇంజను దానంతట అదే ఆగేదాకా నడవనివ్వండి. మా షెడ్డుకు 'చెడిపోయింది' అని వచ్చే వాటిలో సగం ఈ పని చేయనివే.

పలమనేరు అక్క
బాడుగ అని తేలిగ్గా అనేస్తున్నారు ఎర్రనేల గారూ. వాన పడ్డాక నేలలో దున్నకానికి తగిన పదును నిలిచేది రెండు మూడు రోజులు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఊరందరికీ అదే యంత్రం కావాలి. మన వంతు వచ్చేసరికి నేల బిగుసుకుంటుంది, కలుపు మోకాలెత్తు లేస్తుంది. చంద్రగిరి వైపైతే అక్టోబరు, నవంబరు వానలే పెద్దవి కదా, అప్పుడు ఎవరిని బతిమాలుకోవాలి? ఇంట్లో ఉన్న యంత్రం విలువ ఆ రెండు రోజుల్లోనే తెలుస్తుంది.

ఎర్రనేల
పదును మాటకు ఎదురు చెప్పను అక్కా. కానీ ఆ రోజున చెయ్యి నొప్పి పుట్టేలా తాడు లాగినా కదలని యంత్రం ఉంటే ఎంత, లేకుంటే ఎంత?

అసలు సంగతి వయసు కాదు. తుంగ, గరిక ఉన్న మడిలో టిల్లర్ తిప్పితే కలుపు తీసినట్టు కాదు, నాటినట్టు. గరిక తీగ ఎన్ని ముక్కలైతే అన్ని మొలకలు. మామిడి కింద తిప్పితే పైపై పీచు వేళ్లు తెగుతాయి. ఏటా ఒకే లోతున తిరిగితే కింద గట్టి పొర కడుతుంది. తమాషా ఏమిటంటే, 1912లో ఆస్ట్రేలియాలో హోవర్డ్ అనే కుర్రవాడు తిరిగే కత్తులతో ప్రయోగం మొదలుపెట్టిందే నాగలి దున్నకంతో నేల అణిగిపోతోందని. నూరేళ్లు దాటాక అదే నేరం ఈ యంత్రం మీద మోపుతున్నాం.

పలమనేరు అక్క
తుంగ విషయంలో సగమే చెప్పారు. వానల్లో తిప్పితే పెరుగుతుంది, నిజమే. నడి ఎండాకాలంలో పొడినేల తిరగేసి దుంపలను ఎండకు వదిలితే తగ్గుతుంది. ఎప్పుడు తిప్పామన్నదే లెక్క.

పాకాల షెడ్డు
మామిడి మాట ఎర్రనేల అన్నదే సరి, కొమ్మల నీడ పడే మేర యంత్రం పోనివ్వకండి. గట్టి పొర సంగతికి వెనక దిగేసే కమ్మీ ఉంది. దాన్ని ఒకసారి పైకి, ఒకసారి కిందికి మార్చుకుంటే లోతు మారుతుంది. ఆ కమ్మీ ఎందుకుందో చాలామంది అడగనే అడగరు.

చంద్రగిరి తోట
చూశాను. షాఫ్టు గట్టిగానే ఉంది, ఆయిల్ నల్లగా ఉంది, రజను లేదు. తాడు లాగితే పట్టు తెలుస్తోంది గానీ స్టార్ట్ కావడం లేదు. ట్యాంకులో పాత పెట్రోలు కంపు కొడుతోంది. తూకం మనిషికి వద్దని చెప్పేశాను. షెడ్డుకు తెస్తే చూస్తారా?

పాకాల షెడ్డు
తీసుకురండి. కార్బురేటర్ కడిగితే చాలనిపిస్తోంది. ముందు పెట్రోలంతా తీసేయండి. ఆటోలో నిలబెట్టి తాళ్లతో కట్టండి, పడుకోబెడితే ఇంజను ఆయిల్ సిలిండర్‌లోకి దిగుతుంది.

ఎర్రనేల
బిల్లు ఎంతయిందో ఇక్కడ రాయండి. ఆటో బాడుగ కూడా కలిపి.