అమ్మ నొప్పులు తగ్గాయి, మెథోట్రెక్సేట్ ఆపేయొచ్చా?

ఉప్పల్ అబ్బాయి:
అమ్మకు రుమటాయిడ్ కీళ్లవాతం. ఏడాదిగా వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటోంది. ఇప్పుడు నొప్పి లేదు, పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకోవడమూ లేదు. ‘ఈ క్యాన్సర్ మందు ఇంకెన్నాళ్లురా’ అని టెన్షన్ పడుతోంది. ఆపేద్దామా?

మల్కాజిగిరి బాబాయ్:
ఆపేయమనే అంటాను. మాత్ర వేసుకున్న మర్నాడంతా మా ఆవిడకు వికారం, నోట్లో పుండ్లు. లివర్ పరీక్షలంటూ మాటిమాటికీ రక్తం తీయడం ఒకటి. బాగున్న మనిషికి ఇదంతా ఎందుకు? తిరగబెడితే అప్పుడే మొదలుపెట్టుకోవచ్చు.

నల్లకుంట అక్క:
బాబాయ్ గారూ, ఆ వికారం నేనూ పడ్డాను. డాక్టర్‌తో చెబితే ఫోలిక్ యాసిడ్ సరిచేశారు, చాలావరకు తగ్గింది. మాత్ర పడనివాళ్లకు ఇంజెక్షన్ కూడా ఉంది. కానీ ‘తిరగబెడితే మొదలుపెట్టుకోవచ్చు’ అన్నదానికి మాత్రం ఒప్పుకోలేను. ఇది మోకాళ్ల అరుగుదల లాంటిది కాదు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కీలు లోపలి పొర మీద పడుతుంది. వాచిన ఆ పొర పక్కనున్న ఎముకను తినేస్తుంది. పోయిన ఎముక మందు మళ్లీ మొదలుపెట్టినా రాదు.

నేనూ బాగుందనే ఆపేశాను. మూడు నెలలకు వాపు వచ్చింది. ఎవరో ఇచ్చిన పొడి వాడితే రెండు రోజుల్లో లేచి తిరిగాను, ఎంత సంతోషించానో! తర్వాత మొహం ఉబ్బింది, షుగర్ పెరిగింది. అందులో స్టెరాయిడ్ కలిపి ఉంటారన్నారు డాక్టర్. ఇప్పుడు కుడిచేతి వేళ్లు వంకరపోయి ముగ్గుపిండి కూడా పట్టలేను.

తమ్ముడూ, క్యాన్సర్ మందన్న మాట నిజమే. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనలకు పెద్దగా ఉన్నప్పుడు అక్కడ తయారైన మందు. క్యాన్సర్‌కు ఇచ్చే మోతాదు చాలా ఎక్కువ. మనకు మామూలుగా వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములే. పొరపాటున రోజూ వేసుకుంటే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. క్యాలెండర్‌లో ప్రతి వారం అదే ఒక్క రోజును గుర్తుపెట్టండి.

మల్కాజిగిరి బాబాయ్:
నీ చేతి సంగతి వింటే బాధేసిందమ్మా. అయినా జీవితాంతం ఇంతేనా? తగ్గించడానికైనా వీల్లేదా?

నల్లకుంట అక్క:
ఉంది బాబాయ్ గారూ. కనీసం ఆరు నెలలు జబ్బు అదుపులో ఉంటే, పరీక్షలు చూసి డాక్టర్లే మెల్లగా తగ్గించే ఆలోచన చేస్తారు. నాకు గట్టిగా తగిలిందల్లా ఎవరినీ అడక్కుండా ఒక్కసారిగా ఆపడమే.

ఉప్పల్ అబ్బాయి:
అమ్మకు చదివి వినిపించాను అక్కా. ఈ వారం మాత్ర వేసుకుంది. నిమ్స్ రుమటాలజీ ఓపీకి తీసుకెళ్లి, తగ్గించే వీలుందేమో అడుగుతాను.