అప్‌డేట్: మడమ వెనక నొప్పి, ఫిజియో చెప్పింది

వరంగల్ భద్రకాళి బండ్ (చెరువు కట్ట) మీద నడక పెంచినంక మడమ వెనక పట్టేస్తోందని అడిగిన కదా. చాలామంది అనుకున్నట్టు అరికాలి నొప్పి కాదు, అకిలిస్ టెండన్ (పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే గట్టి తాడు లాంటిది) సమస్య. రెండూ పొద్దున లేవగానే సతాయిస్తాయి కాబట్టి వేలితో నొక్కి చోటు చూడాలి: అరికాలి వైపు మడమ కింద నొప్పి పొడిస్తే ప్లాంటార్ ఫేషియా (అరికాలి పొడవునా ఉండే గట్టి పట్టీ). మడమ ఎముకకు 2–6 సెం.మీ. పైన, రెండు వేళ్ల మధ్య పట్టి నొక్కితే నొప్పి పుడితే టెండన్ నడిమి భాగం.

దీనికి మందుల కన్నా మెట్టు మీద చేసే వ్యాయామమే ముఖ్యం. పాదం ముందు భాగాన్ని మెట్టు అంచున ఆనించి, రెండు కాళ్లతో లేచి, నొప్పి కాలి మీదే బరువేసి మడమను మెల్లగా కిందికి దించాలి. మోకాలు నిటారుగా 15 చొప్పున 3 విడతలు, కొంచెం వంచి మరో 3. రోజుకు రెండు పూటలు, 12 వారాలు. కాస్త నొప్పి ఉన్నా పర్లేదు, మర్నాటికి పెరిగితే తగ్గించాలి.

నొప్పి సరిగ్గా ఎముకకు అతికే చోట ఉంటే మాత్రం మెట్టు కిందికి దించొద్దు, నేల మీదే చేయాలి. కిందికి దిగితే టెండన్ ఎముకకు నొక్కుకుపోతుంది. బల్లపరుపు హవాయి చెప్పులు కూడా కొన్నాళ్లు పక్కనపెట్టాలి.

సిప్రోఫ్లాక్ససిన్, లీవోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ మందులు వాడినవాళ్లు డాక్టర్‌కు చెప్పాలి, అవి టెండన్‌ను దెబ్బతీయగలవు. టప్పుమని తెగినట్టై, బోర్లా పడుకొని పిక్క పిసికితే పాదం కదలకపోతే అదే రోజు ఆర్థో దగ్గరికి పోవాలి.